లాకు వేరు, లాక్ వేరు

రావులపాలెంలో వాడపల్లి ఆటో ఎక్కాం, నేనూ మా మేనల్లుడూ. శనివారం కదా, వెంకన్న గుడికి వెళ్ళే జనంతో ఆటో కిక్కిరిసిపోయింది. కొంత దూరం పోయాక డ్రైవరు వెనక్కి తిరక్కుండానే "లొల్ల లాకులు ఎవరండీ, లాకులు!" అని కేకేశాడు. ఊహ తెలిశాక హైదరాబాద్ తప్ప ఇంకో ఊళ్ళో నాలుగు రోజులు ఉండని మావాడు నా చెవి దగ్గరకొచ్చి, "లొల్లి లాక్ ఏంటి మావయ్యా?" అన్నాడు.

వాడి తప్పేమీ లేదు. లొల్లి అంటే వాడికి గొడవ. లాక్ అంటే ఫోనుకి పెట్టేది, బండికి వేసేది. గొడవకి తాళం వేసే ఊరొకటి ఉందనుకున్నాడు పాపం. "దిగు, చూపిస్తాను" అన్నాను. గుడికి తర్వాత ఆటోలో వెళ్ళొచ్చు.

ఇంగ్లీషులో రెండూ ఒకటే మాట. కానీ గోదావరి డెల్టాకి ఆ మాట రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నూట డెబ్బై ఏళ్ళ కిందట, కాలువలతో పాటు వచ్చింది. అప్పుడు వచ్చింది లాకు. రెండోసారి మన కళ్ళ ముందే, బైకులతో, కంప్యూటర్లతో, ఫోన్లతో వచ్చింది. అది లాక్. ఒకటి పడవకి దారి ఇచ్చేది, ఇంకొకటి మనిషికి దారి మూసేది. చివర ఉన్న ఆ చిన్న ఉకారం తేడాతోనే మా వైపు జనం రెండింటినీ కలగాపులగం కాకుండా వాడేస్తున్నారు.

ఉకారం సంగతి ముందు చూద్దాం. తెలుగు మాట అచ్చుతో ముగియాలి, హల్లు మీద ఆగితే నోటికి ఏదో వెలితి. అందుకే తొలి తరాల్లో వచ్చిన ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి మనవాళ్ళు ఓ తోక తగిలించారు. బస్సు, కారు, రైలు, రోడ్డు, బ్యాంకు. ఈమధ్య వచ్చినవాటికి ఆ ఓపిక లేదు. ఫోన్, లింక్, లోన్, లాక్ అని హల్లు మీదే ఆపేస్తున్నాం. మాటకి తోక ఉందా లేదా అన్నదాన్ని బట్టి అది ఏ కాలంలో మనింట్లో అడుగుపెట్టిందో చాలావరకు చెప్పేయొచ్చు. మా అమ్మ ఇప్పటికీ ఫోను అనే అంటుంది, అది వేరే సంగతి.

లాకుకి ఇంకో విశేషం కూడా ఉంది, దాన్ని ఒక్కటిగా ఎవరూ అనరు. లొల్ల లాకులు, వేమగిరి లాకులు, మాధవపట్నం లాకులు. ఎప్పుడూ బహువచనమే. ఎందుకంటే అక్కడ ఉన్నది ఒక తలుపు కాదు. పడవ గది, దాని గేట్లు, పక్కనే నీళ్ళు వదిలే షట్టర్లు, పైన వంతెన, కాలువ కనిపెట్టుకునే లస్కర్ల గది, ఓ పెద్ద చెట్టు, దాని కింద టీ బడ్డీ, అన్నీ కలిపి లాకులు. "లాకుల దగ్గర ఉన్నాను" అంటే మనిషి ఎక్కడున్నాడో అవతలివాళ్ళకి పక్కాగా తెలిసిపోతుంది. ఒక యంత్రం పేరు ఒక చోటి పేరుగా మారింది.

మేం దిగేసరికి కాలువ నిండుగా ఉంది. మావాడు వంతెన మీద నుంచి తొంగి చూశాడు. ఇటువైపు నీళ్ళు గట్టు అంచుకి దగ్గరగా, నిలకడగా ఉన్నాయి. అటువైపు చాలా కింద సుడులు తిరుగుతున్నాయి. షట్టరు ఎత్తే మరచువ్వకి పట్టిన గ్రీజు ఎండకి కరిగి నల్లగా మెరుస్తోంది. దాన్ని వేలితో ముట్టుకుని, చొక్కాకి తుడుచుకుని, "ఇందులో లాక్ ఎక్కడుంది?" అన్నాడు.

అసలు చిక్కు ఇక్కడే. డెల్టా చూడ్డానికి బల్లపరుపుగా ఉంటుంది గానీ ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల కొద్దికొద్దిగా వాలుతూనే ఉంటుంది. కాలువని ఆ వాలుకే వదిలేస్తే నీళ్ళు పరిగెత్తి గట్లు కోసేస్తాయి, పడవ ఎదురెక్కలేదు. అందుకని కాలువని మెట్లు మెట్లుగా కట్టారు. మెట్టుకీ మెట్టుకీ మధ్య నీరు దాదాపు నిలకడగా ఉంటుంది. మెట్టు వచ్చిన చోట షట్టర్లు పెట్టి నీటిని ఆపి, కావలసినంత కిందికి వదులుతారు. నీళ్ళకి ఇది చాలు. మరి పడవ మెట్టు దిగేదెలా, ఎక్కేదెలా?

దానికోసం పక్కనే రాతి గోడలతో పొడవాటి గది కడతారు, ఈ చివర ఒక జత తలుపులు, ఆ చివర ఒక జత. కింది నుంచి వచ్చిన పడవ గదిలోకి దూరుతుంది. వెనక తలుపులు మూస్తారు. పైకాలువ వైపు తూము తెరుస్తారు. గదిలోకి నీళ్ళు నిండుతున్నకొద్దీ పడవ తనంత తనే పైకి లేస్తుంది. గది నీరూ పైకాలువ నీరూ సమానమయ్యాక ముందు తలుపులు తెరిస్తే పడవ వెళ్ళిపోతుంది. దిగేటప్పుడు ఇదే పని తిరగేసి చేస్తారు. ఇంజనూ లేదు, కరెంటూ లేదు. ధాన్యం బస్తాలతో నిండిన పడవని ఎత్తింది నీరే.

తలుపుల్లో ఇంకా ముచ్చటైన కిటుకు ఉంది. అవి మన ఇంటి తలుపుల్లా ఒకే గీత మీద కలవవు. నమస్కారం పెట్టబోతూ వేళ్ళ కొసలు మాత్రమే తాకించిన రెండు చేతుల్లా, కోణంగా, నీరు వచ్చే వైపుకి ముక్కు పెట్టి కలుస్తాయి. పైనుంచి నీరు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. గడియ అక్కర్లేదు, తోసే నీరే గడియ. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ఇద్దరు మనుషులు నెట్టినా తెరుచుకుంటాయి. ఈ కోణపు తలుపుల కిటుకు లియొనార్డో డావించీదని చెబుతారు. రెండు గేట్ల గది మాత్రం అంతకన్నా చాలా ముందే, 984లో చైనావాళ్ళు తమ గ్రాండ్ కెనాల్ మీద కట్టారు. 1914లో తెరిచిన పనామా కాలువలో మహా ఓడల్ని 26 మీటర్ల ఎత్తుకి లేపేదీ ఈ లెక్కే. లొల్లకీ పనామాకీ తేడా కొలతల్లోనే.

మరి దీన్ని లాక్ అని ఎందుకన్నారు? పాత ఇంగ్లీషులో ఆ మాటకి గడియ అనే అర్థమూ ఉంది, చుట్టూ కట్టిన దొడ్డి అనే అర్థమూ ఉంది. తలుపు బిగించేది ఒక దారిన పోయి మనం తాళం అనేదైంది. నదికి అడ్డంగా కట్టి నీటిని నిలిపేది ఇంకో దారిన పోయి కాలువ లాకు అయింది. మన "కట్టు" లాంటిదే అనుకోండి. గేదెని కట్టేస్తాం, వేసవిలో కాలువలు కట్టేస్తారు, గోదావరికి ఆనకట్ట కట్టారు. మనకెవరికీ అందులో అయోమయం లేదు కదా.

ఆనకట్ట అన్నాను కాబట్టి ఓ మాట. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి 1852కి ముగించిన కట్టడాన్ని ఇంగ్లీషువాళ్ళు తమ రికార్డుల్లో ఆనికట్ అనే రాసుకున్నారు. అది మన దక్షిణాది మాటే, వాళ్ళ నోట్లో కొంచెం వంకర పోయింది. మనం ఆనకట్ట ఇచ్చి లాకు పుచ్చుకున్నాం. బేరం సమానంగానే తెగింది. ఇప్పుడక్కడున్నది ఆ పాత కట్టడం కాదు, 175 గేట్ల కొత్త బ్యారేజీ. దానికి పేరు కాటన్‌దే.

కాటన్‌కి కాలువంటే చేనుకి నీళ్ళిచ్చేది మాత్రమే కాదు, సరుకు మోసే రోడ్డు కూడా. కాబట్టే అన్ని లాకులు. కాకినాడలో ఎక్కిన సరుకు కాలువ మీద ధవళేశ్వరం వచ్చి, గోదావరి దాటి విజ్జేశ్వరంలో మళ్ళీ కాలువలోకి దిగి, ఏలూరు మీదుగా బెజవాడ, అక్కణ్ణించి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు చేరేది. గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. లాకు దగ్గర పడవలు బారులు తీరేవి. పడవవాళ్ళకి వంటకీ నిద్రకీ కబుర్లకీ అదే మజిలీ. లారీలొచ్చాక పడవలు పోయాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ దారినంతా 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు గానీ లాకుల దగ్గర పడవల బారు మళ్ళీ కనపడలేదు. పడవ గదులు చాలాచోట్ల పనిలేక పడున్నాయి. దాంతో మాట అర్థం కూడా జరిగింది. ఇవాళ మా వైపు కుర్రాణ్ణి లాకులంటే ఏమిట్రా అనడిగితే నీళ్ళు వదిలే షట్టర్లు చూపిస్తాడు. పడవ గది పేరు పక్కింటి షట్టరుకి అంటుకుపోయింది.

షట్టర్లు ఎత్తీ దించీ కాలువ కనిపెట్టుకునే మనిషి లస్కరు. ఇదీ వలస వచ్చిన మాటే, కాకపోతే ఇంగ్లీషు గడ్డ మీద పుట్టింది కాదు. పర్షియన్‌లో లష్కర్ అంటే సైన్యం. సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు అంటారే, దండు విడిసిన చోటు కాబట్టి ఆ పేరు. మావాడికి ఇది నచ్చింది. వాడికి తెలిసిన మాట ఒకటి ఇక్కడ చొక్కా మార్చుకుని కాలువ గట్టు మీద తిరుగుతోంది.

ఇక రెండోసారి వచ్చిన లాక్. ఇది తాళానికి బదులుగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. సరిగ్గా చూస్తే తాళం ఎక్కడికీ పోలేదు. ఇంటికి తాళమే వేస్తాం. "ఇల్లు లాక్ చేశారా?" అని పట్నం పిల్లలు అడుగుతారేమో గానీ మా అమ్మ అడిగేది "తలుపు గడియ పెట్టావా, తాళం వేశావా" అనే. ఇంట్లో ఈ పనికి మాటలకి కరువు లేదు. గడియ, గొళ్ళెం, తాళం కప్ప, తాళం చెవి. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అని సామెత కూడా ఉంది. కప్పా చెవీ ఉన్నంతసేపూ అది తాళం. అవి కంటికి కనపడకుండా లోపల దాక్కున్న చోట లాక్. బైకు హ్యాండిల్ లాక్, కారుకి సెంట్రల్ లాక్, ఫోన్‌కి స్క్రీన్ లాక్, కీబోర్డు మీద క్యాప్స్ లాక్. చేత్తో పట్టుకోలేని తాళాన్ని తాళం అనడానికి మనకి నోరు రాలేదు.

అంతకన్నా గమ్మత్తు మనం దాని పక్కన చేర్చే క్రియల్లో ఉంది. ఇంగ్లీషువాడు లాక్ అనే ఒక్క మాటనే క్రియగానూ వాడేస్తాడు. మనం అలా వదలం. లాక్ వేయడం వేరు, పెట్టడం వేరు, చేయడం, అవడం, పడడం దేనికదే. "బండికి లాక్ వేశా" అంటే చేత్తో, బుద్ధిపూర్వకంగా వేసిన పని. "కారు తాళాలు లోపలుండగా లాక్ పడిపోయింది" అంటే ఎవరూ చేయలేదు, దానంతటదే జరిగింది, నన్నేమీ అనకండి అని. గడియ పడింది అన్నట్టే ఇదీ. "అకౌంట్ లాక్ అయింది" అంటే ఎక్కడో ఎవరో చేశారు, ఎవరో మనకి తెలీదు. "టికెట్ రేటు లాక్ చేశా" అంటే బేరం ఖాయం చేసుకున్నా, ఇక మారదని ధీమా.

"లాక్ పెట్టడం" మాత్రం అన్నిట్లోకీ ప్రమాదకరం. "వాడు ఫోన్‌కి లాక్ పెట్టాడు" అని ఒక తల్లి అందంటే అది ఫోను గురించిన సమాచారం కాదు. ఏదో దాస్తున్నాడు అని ఫిర్యాదు. అదే ఫోనుకి "లాక్ ఉంది" అంటే మామూలు మాట. ఒక్క క్రియ మారితే ఇంట్లో టెన్షన్ మొదలు. తెరవడానికి మాత్రం అన్‌లాక్ అనే మాట మనకి అంతగా పట్టలేదు. లాక్ తీయి అంటాం, లేదా ఓపెన్ చేయి అంటాం. ఒక ఇంగ్లీషు మాట విప్పడానికి ఇంకో ఇంగ్లీషు మాట.

దీనికి చుట్టాలు బోలెడు. లాకరు బ్యాంకులో నగలు దాచేది. దాని గురించి తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం లాంటి వాటిల్లో సొత్తు పోతే బ్యాంకు బాధ్యత ఆ లాకరు ఏడాది అద్దెకి నూరు రెట్లు. సొత్తు విలువకి కాదు, అద్దెకి. బ్యాంకు తప్పు లేకుండా వరదలాంటివాటికి పోతే అదీ లేదు. గోదారి పక్కన ఉండేవాళ్ళం, ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి.

లాకప్ అంటే పోలీసు స్టేషన్లో ఉంచే గది, జైలు కాదు. అరెస్టు చేసినవాణ్ణి, ప్రయాణం సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. మేజిస్ట్రేటు రిమాండ్ అన్నాకే జైలు. లాకౌటుకీ సమ్మెకీ తేడా చాలామంది పట్టించుకోరు. పనివాళ్ళు పని మానేస్తే సమ్మె, యజమాని గేటు మూసి పనివాళ్ళని రానివ్వకపోతే లాకౌటు. మెడలో గొలుసుకి వేలాడే లాకెట్టు కూడా ఈ ఇంటిపేరుదే, ఫ్రెంచిలో చిన్న గడియ అనే మాట నుంచి వచ్చింది. పెళ్ళికి ఇంగ్లీషులో వెడ్‌లాక్ అనే మాట ఉంది గానీ అందులో లాక్ ఈ లాక్ కాదు, పాత ఇంగ్లీషు ప్రత్యయం ఒకటి అరిగి అలా మిగిలింది. పెళ్ళంటే తాళం అని జోకులేసేవాళ్ళకి వ్యాకరణం సాయం రాదు. జుట్టు పాయని లాక్ అంటారు, అదీ వేరే వంశం. లాక్, స్టాక్ అండ్ బ్యారెల్ అనే నుడికారంలోని లాక్ మాత్రం మన చుట్టమే. పాత తుపాకీలో మందు అంటించే యంత్రం అది. తుపాకీ మూడు భాగాలూ కలిపి అంటే మొత్తం సర్వం, మనం మూటాముల్లెతో సహా అంటామే, అది.

పెట్టుబడుల్లో లాక్-ఇన్ అంటే ఇంత కాలం డబ్బు తీయకూడదని కట్టు. పన్ను మినహాయింపు ఇచ్చే ఈఎల్ఎస్ఎస్ అనే మ్యూచువల్ ఫండ్లకి మూడేళ్ళు, అదే కోవలో బ్యాంకు డిపాజిట్లకి అయిదేళ్ళు. అమ్మేవాళ్ళు దీన్ని మెల్లగా చెబుతారు, మనం గట్టిగా అడగాలి.

లాక్‌డౌన్ గురించి చెప్పక్కర్లేదు. 2020 మార్చి 24 రాత్రి విన్నాం, తెల్లారేసరికి 21 రోజుల పాటు ఇళ్ళలో ఉన్నాం. అంత పెద్ద మాటకి మనం చేర్చిన క్రియ మాత్రం పాతదే. కర్ఫ్యూ పెట్టారు అన్నట్టు లాక్‌డౌన్ పెట్టారు, లాక్‌డౌన్ ఎత్తేశారు. కాలువ షట్టర్లనీ ఎత్తడమే.

అన్నిట్లోకీ జనాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది లాకౌట్‌కీ లాగౌట్‌కీ ఉన్న తేడా. చెవికి ఒకేలా ఉంటాయి. మా అత్తయ్య పోయిన నెల ఫోన్ చేసి "బ్యాంకు యాప్ లాగౌట్ అయిందిరా" అంది. పాస్‌వర్డ్ కొట్టు అన్నాను. కొట్టింది. రాలేదు. మళ్ళీ కొట్టింది. పావుగంట తర్వాత తేలింది, అది లాగౌట్ కాదు, లాకౌట్. లాగౌట్ అంటే మనం బయటికి వచ్చాం, పాస్‌వర్డ్ కొడితే మళ్ళీ లోపలికి వెళ్తాం. లాకౌట్ అంటే తప్పులు ఎక్కువై మనల్ని బయట నిలబెట్టారు, ఇప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తలుపు తీయరు. గడువు తీరేదాకా ఆగాలి, లేదా బ్యాంకుని అడగాలి. సిమ్ కార్డుకీ ఇలాంటి లెక్కే ఉంది. పిన్ మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి, ఆ లాక్ తీసే పీయూకే నంబరు అడుగుతుంది. అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తెచ్చుకోవాలి. కంగారులో కొడుతూ పోవడం కన్నా ఫోను పక్కన పెట్టడం నయం. తమాషా ఏమంటే లాగ్ అనే మాటకీ పడవలతో బంధుత్వం ఉంది. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టి నీళ్ళలో వేసే చెక్కని లాగ్ అనేవారు. ఆ లెక్కలు రాసుకున్న పుస్తకం లాగ్‌బుక్ అయింది, అక్కణ్ణించి లాగిన్, లాగౌట్.

ఇదంతా మావాడికి ఒక్క గుక్కలో చెప్పలేదు లెండి. సగం చెప్పేసరికే వాడు వంతెన గోడ మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తున్నాడు. షట్టరు కింద నుంచి దూకిన నీరు తెల్లగా నురగ కట్టి, కాస్త దూరం పోగానే ఏమీ ఎరగనట్టు సద్దుమణుగుతోంది. ఈలోగా వాడి ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి ఎవరో స్నేహితుడు. స్పీకర్ ఆన్ చేసే అలవాటు వాడికి, నాకు అంతా వినపడింది.

"ఎక్కడున్నావ్‌రా?"

"లాకుల దగ్గర."

"ఏం లాక్?"

వాడు నా వైపు చూశాడు. అప్పుడే వాడపల్లి ఆటో వచ్చింది.